వయసెంత, రంగేమిటి?

మా ఓపీకి వచ్చే తల్లుల్లో చాలామంది చేతిలో ముడేసిన పాలిథిన్ సంచి ఒకటి ఉంటుంది. అందులో పిల్లల డైపరో, పాత చీర గుడ్డో ఉంటుంది. కొందరు "వాసనండీ" అంటూ మొహమాటపడి దాన్ని కుర్చీ కింద దాచేస్తారు. నేను ముందు దాన్నే అడుగుతాను. గుడ్డ లేకపోతే ఫోనులో ఫొటో చూపించమంటాను. విశాఖపట్నంలో చిన్నపిల్లల జీర్ణకోశ వైద్యం చేస్తూ ఇన్నేళ్ళలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన సంగతి ఒకటుంది. పిల్లల కడుపులోంచి నెత్తురు పడితే దాని వెనక ఏముందో చాలావరకు రెండు ప్రశ్నలతోనే తెలుస్తుంది. బిడ్డ వయసెంత? పడిన నెత్తురు ఏ రంగులో ఉంది? స్కానింగులూ ఎండోస్కోపీలూ ఆ తర్వాతి మాట.

అన్నవాహికలోనో పొట్టలోనో కారిన నెత్తురు ఆమ్లంతో కలిసి నల్లబడుతుంది. వాంతిలో కాఫీ పొడి రంగులో కనిపిస్తుంది, విరేచనంలో తారు రంగులో జిగురుగా, ఘాటైన దుర్వాసనతో వస్తుంది. పెద్దపేగు చివరి నుంచి వచ్చేది ఎర్రగా ఉంటుంది. అయితే పసివాళ్ళ పేగు పొట్టిది, అందులో కదలిక వేగం. పైన ధారగా కారితే కింద ఎర్రగానే పడుతుంది. అందుకే రంగును వయసుతో కలిపి చదవాలి. అసలది నెత్తురేనా అన్నది కూడా చూసుకోవాలి. బీట్‌రూట్ కూర, ఎర్ర డ్రాగన్ ఫ్రూట్, కొన్ని యాంటీబయాటిక్ సిరప్‌లు విరేచనాన్ని ఎర్రగా చేస్తాయి. ఐరన్ టానిక్ తాగే పిల్లలకు నల్లగా అవుతుంది. నేరేడు పళ్ళ కాలంలో ముదురు రంగు విరేచనమైందని కంగారుగా పరుగెత్తుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. చిన్న పరీక్షతో నిమిషాల్లో తేలిపోయే విషయమది. అలా వచ్చిన వాళ్ళను నేనెప్పుడూ విసుక్కోలేదు. రాకుండా ఊరుకున్న వాళ్ళను తలచుకుంటేనే నాకు భయం.

రోజుల బిడ్డ నెత్తురు కక్కితే బిడ్డతో పాటు తల్లినీ చూస్తాను. విజయనగరం వైపు నుంచి ఒకసారి మూడు రోజుల బిడ్డను అంబులెన్సులో తీసుకొచ్చారు. పాలతో పాటు ఎర్రగా కక్కాడట. నాయనమ్మ ఏడుపు ఆపడం లేదు. బిడ్డ మాత్రం ఒళ్ళు వెచ్చగా, మంచి రంగులో, నిద్రపోతున్నాడు. గుండె వేగం మామూలుగానే ఉంది. "పాలిచ్చేటప్పుడు నొప్పిగా ఉంటోందా అమ్మా?" అని అడిగితే ఆ బాలింత తల వంచుకుని ఊ అంది. చనుమొనలు చీలి ఉన్నాయి. కక్కిన గుడ్డలోంచి కాస్త నెత్తురు నీళ్ళలోకి తీసి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేయించాం. అప్పుడే పుట్టిన బిడ్డ నెత్తురైతే గులాబీ రంగు నిలుస్తుంది. పెద్దవాళ్ళదైతే ఒకట్రెండు నిమిషాల్లో పసుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. 1955లో ఆప్ట్, డౌనీ అనే ఇద్దరు వైద్యులు రాసిన పరీక్ష ఇది, ఖర్చు దాదాపు లేనిది. గొట్టంలో రంగు తిరగడం నాయనమ్మను దగ్గరకు పిలిచి చూపించాను. బిడ్డ మింగింది తల్లి నెత్తురే. పాలు ఆపక్కర్లేదని, బిడ్డను రొమ్ముకు సరిగ్గా పట్టించే తీరు నర్సు నేర్పుతుందని చెప్పి పంపాం.

అన్నీ అంత తేలిగ్గా ముగియవు. నెత్తురు గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. అది గర్భంలో తల్లి నుంచి బిడ్డకు చేరేది చాలా తక్కువ. తల్లిపాలలోనూ తక్కువే. పుట్టగానే తొడకు ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్ ఇవ్వకపోతే కొందరు పిల్లలకు మొదటి వారంలో బొడ్డు నుంచీ, ముక్కు నుంచీ, పేగుల్లోంచీ నెత్తురు కారుతుంది. ఇంకొందరికి అంతా బాగుందనుకున్న రెండో వారం నుంచి మూడో నెల లోపు హఠాత్తుగా మెదడులోనే కారుతుంది. అలాంటి బిడ్డ ప్రాణం దక్కినా ఫిట్స్, కాళ్ళూ చేతుల బలహీనత మిగిలిపోవచ్చు. ప్రతి బిడ్డకూ ఈ ఇంజెక్షన్ ఇవ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ఏజెన్సీలో ఇంటి దగ్గరే కాన్పు జరిగిన బిడ్డకు అది అందకపోయే ప్రమాదముంది. పసిబిడ్డ బొడ్డు దగ్గర నెత్తురు చెమ్మ ఆగకపోయినా, విరేచనం నల్లగా అయినా నేను మొదట అడిగేది ఆ ఇంజెక్షన్ సంగతే. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న బిడ్డకు పొట్ట ఉబ్బి నెత్తురు పడితే పేగు కుళ్ళుతోందేమోనని చూస్తాం. ఆకుపచ్చగా కక్కే బిడ్డకు పేగు మెలిపడి ఉండవచ్చు. అప్పుడు సర్జన్‌ను పిలవడానికి నెత్తురు కనపడేదాకా ఆగకూడదు.

ఐదారు నెలలు దాటాక నన్ను ఎక్కువ భయపెట్టేది పేగులోకి పేగు దూరిపోవడం. చిన్నపేగు చివరి భాగం చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టు పెద్దపేగులోకి జారిపోతుంది. దాంతో పాటు దాని రక్తనాళాలూ ఇరుక్కుని నలుగుతాయి. ఇది ఎక్కువగా ఐదు నుంచి తొమ్మిది నెలల మధ్య, బొద్దుగా ఆడుకుంటున్న పిల్లలకే వస్తుంది. ఏడుపు తీరే వేరుగా ఉంటుంది. ఒక్కసారిగా కాళ్ళు పొట్ట మీదికి ముడుచుకుని కెవ్వున అరుస్తాడు. రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాడు. పావుగంట గడిచాక మళ్ళీ అదే అరుపు. మధ్యలో ముఖం పాలిపోయి మగతగా పడుకుంటాడు. ఇంట్లో ఆ మగతను చూసి "హమ్మయ్య, నిద్రపట్టింది" అనుకుంటారు. దిష్టి తీస్తారు. పొట్టకు ఆముదం రాస్తారు, గ్యాస్ చుక్కలు పోస్తారు. పుస్తకాల్లో ఈ జబ్బుకు గుర్తుగా రాసిన నెత్తురు కలిసిన ఎర్రటి జిగురు విరేచనం కనపడేసరికి చాలా గంటలు గడిచిపోయి ఉంటాయి. మా జూనియర్లకు నేను పదేపదే చెప్పేది ఇదే: ఆ జిగురు కోసం చూడొద్దు, ఆగి ఆగి వచ్చే ఏడుపు విన్నప్పుడే అల్ట్రాసౌండ్‌కు పంపండి. స్కానింగులో వలయంలో వలయం కనిపిస్తుంది. తొందరగా వస్తే కత్తి అక్కర్లేదు. మలద్వారం నుంచి సెలైనో గాలో ఒత్తిడితో ఎక్కిస్తూ స్కానింగులోనో ఎక్స్‌రే తెర మీదో చూస్తుంటే దూరిన పేగు వెనక్కి జరుగుతూ వస్తుంది. చివరికి ద్రవం చిన్నపేగులోకి పారినప్పుడు గదిలో ఉన్న అందరం ఊపిరి పీల్చుకుంటాం. బిడ్డ అప్పుడే ఏడుపు మాని పాలకు వెతుక్కుంటాడు. కొందరిలో ఒకటి రెండు రోజుల్లోనే పేగు మళ్ళీ దూరుతుంది కాబట్టి వెంటనే ఇంటికి పంపం. ఆలస్యమైతే పేగు చచ్చుబడుతుంది, ఆ ముక్క కోసి తీసేయడం తప్ప దారి ఉండదు.

ఇదే సందర్భంలో చదువుకున్న తల్లిదండ్రులు రోటావైరస్ టీకా గురించి అడుగుతారు. అమెరికాలో వచ్చిన మొదటి టీకాను ఈ జబ్బుతో ముడిపడిందనే 1999లో వెనక్కి తీసుకున్నారు. వాళ్ళ అనుమానం న్యాయమైనదే. తర్వాత వచ్చిన టీకాలు వేరు. హైదరాబాదులో తయారైన రోటావాక్‌ను 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత దేశంలోని కొన్ని ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులను లెక్కగట్టి పరిశీలించి 2020లో ప్రచురించిన ఫలితాల్లో ఆ టీకాకూ ఈ జబ్బుకూ సంబంధం కనపడలేదు. టీకా వేయించండి. వేయించినా వేయించకపోయినా ఆగి ఆగి ఏడ్చే బిడ్డను మాత్రం ఆ పూటే తీసుకురండి.

ఏడాదిలోపు పిల్లల్లో విరేచనం మీద సన్నటి ఎర్ర చార కనిపించే మామూలు కారణాలు రెండు. గట్టి మలం వల్ల మలద్వారం అంచు చీలడం ఒకటి. దానికి మలబద్ధకాన్ని వారాలూ నెలలూ ఓపికగా సరిచేయడమే మందు. రెండోది పాలలోని ప్రోటీను పడకపోవడం. బిడ్డ చక్కగా బరువు పెరుగుతూనే జిగురుతో, నెత్తురు చారలతో వెళ్తుంటాడు. గేదెపాలు, ఆవుపాలు, డబ్బాపాలు ఆపాలి. తల్లిపాలు తాగే బిడ్డయితే తల్లే తన తిండిలో పాలూ పెరుగూ కొన్నాళ్ళు మానాలి. మేకపాలకు మార్చడం వల్ల లాభం లేదు, వాటి ప్రోటీనూ ఇంచుమించు అలాంటిదే.

రెండేళ్ళు దాటిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి నేను పోరాడేది ఇంట్లో ముందే ఖాయమైపోయిన నిర్ణయాలతో. "వేడి చేసిందనుకుని సబ్జా గింజలు తాగించాం డాక్టరమ్మా, మజ్జిగ పట్టాం." ఇది మొదటి మెట్టు. తగ్గకపోతే "మొలలు". మన ఊళ్ళలో బస్టాండు చుట్టూ పైల్స్, ఫిస్టులా అని రాసిన బోర్డులకు కొదవలేదు. ఐదేళ్ళ పిల్లాణ్ణి ఒకచోట ఏడాది పాటు తిప్పారు. లేపనాలు, కషాయాలు, చివరికి మలద్వారం దగ్గర ఇంజెక్షన్లు కూడా. నా దగ్గరికొచ్చేసరికి వాడు మరుగుదొడ్డి మాటెత్తితే వణికిపోతున్నాడు. హిమోగ్లోబిన్ సగానికి పడిపోయింది. నేనడిగిన ప్రశ్నకు తల్లి చెప్పిన జవాబు అంతా ఒక్క వాక్యమే: "నొప్పి ఏం లేదండీ, దొడ్డికెళ్ళాక టపటపా చుక్కలు పడతాయి, ఒకసారి ఎర్రగా కండలా బయటికొచ్చి లోపలికెళ్ళిపోయింది." ఆమె జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పేసింది. అది పాలిప్. రెండు నుంచి పదేళ్ళ మధ్య నొప్పి లేకుండా ఎర్రటి నెత్తురు పడడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. ఎక్కువమందిలో ఒక్కటే ఉంటుంది, పెద్దపేగు చివర్లో కాడతో వేలాడుతుంటుంది. మత్తు ఇచ్చి కొలనోస్కోపీలో సన్నని తీగ ఉచ్చు దాని మెడకు బిగించి కరెంటుతో కోసి తీస్తాం. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. ఒంటరి పాలిప్ క్యాన్సర్‌గా మారదు. ఐదుకు మించి ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా ఆ కుటుంబాన్ని వదలకుండా చూస్తూ ఉండాలి.

చిన్నపిల్లలకు మొలలు చాలా అరుదు. కాలేయానికి వెళ్ళే సిరలో ఒత్తిడి పెరిగిన పిల్లల్లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. మలద్వారం దగ్గర నెత్తురు చూడగానే ఆ పేరు పెట్టేస్తే వెతకాల్సిన జబ్బును వెతకడం ఆగిపోతుంది. ఆ పిల్లాడికి జరిగిందదే. నాకు దీని మీద కోపం తగ్గదు, తగ్గాలని కూడా అనుకోను.

నొప్పి లేకుండానే గిన్నెడు ఇటుక రంగు నెత్తురు ఒక్కసారిగా పోయి బిడ్డ తెల్లగా పాలిపోతే ఆలోచన మెకెల్ సంచి వైపు మళ్ళుతుంది. పిండ దశలో మాయమవ్వాల్సిన గొట్టం కాస్త మిగిలిపోయి చిన్నపేగుకు తిత్తిలా అతుక్కుని ఉంటుంది. నూటికి ఇద్దరిలో ఉంటుంది, చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. కొందరిలో మాత్రం ఆ తిత్తిలో పొట్ట గోడ కణజాలం మొలిచి ఆమ్లం ఊరుతుంది. పక్కనున్న పేగుకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి లేక పుండుపడి కారుతుంది. టెక్నీషియం స్కానింగులో ఆ కణజాలం మెరుస్తుంది. సర్జన్ దాన్ని తీసేస్తే కథ ముగుస్తుంది.

జ్వరం, కడుపునొప్పి, జిగట విరేచనాలతో కలిసి నెత్తురు పడితే షిగెల్లా వంటి సూక్ష్మజీవుల పని. తగ్గాక కూడా వారం రోజులు మూత్రం ఎంత పోస్తున్నాడో గమనించమంటాను, ఎందుకంటే కొందరిలో ఆ తర్వాతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిరుదుల మీదా కాళ్ళ మీదా ఊదారంగు మచ్చలు, కీళ్ళ నొప్పి తోడైతే అది రక్తనాళాల వాపు. డెంగీలో జ్వరం తగ్గాక నల్ల విరేచనమైతే ఇంటి దగ్గర ఉంచకూడదు. పదేళ్ళు దాటిన పిల్లలు వారాల తరబడి నెత్తురు విరేచనాలతో బరువు తగ్గుతుంటే దీర్ఘకాలపు పేగుపూత. మన దేశంలో పేగు టీబీ అచ్చం అలాగే కనిపిస్తుంది కాబట్టి ముక్క తీసి పరీక్షించి గాని మందు మొదలుపెట్టం.

ఇంట్లో వస్తువుల సంగతి ఇంకా బాధాకరం. తల్లి మళ్ళీ గర్భవతి, ఏఎన్ఎం ఇచ్చిన ఎర్రటి ఐరన్ మాత్రలు మంచం పక్కన ఉంటాయి. రెండేళ్ళ పాప వాటిని చాక్లెట్లనుకుని మింగుతుంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. పది కిలోల పాపకు పది మాత్రలు ప్రాణం తీయగలవు. ముందు వాంతులు, నెత్తురు. తర్వాత కొన్ని గంటలు పాప తేరుకున్నట్టే కనిపిస్తుంది. ఆ తెరపిని నమ్మి ఇంటికి తీసుకెళ్ళిపోతామన్న వాళ్ళను చేతులు పట్టుకుని ఆపాను. తర్వాతి దశలో షాక్, కాలేయం దెబ్బతినడం. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. అది తీసేసిన వారాల తర్వాత కూడా పుండు లోతుకు దిగి పెద్ద రక్తనాళం తెగవచ్చు.

ఇక నెత్తురు వాంతి. మన దేశంలో పిల్లలు ధారగా నెత్తురు కక్కుకోవడానికి పెద్ద కారణం ఒకటుంది, బయట ఎవరికీ దాని పేరు తెలియదు. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్ళే పోర్టల్ సిర పసితనంలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది. కొందరిలో బొడ్డుకు చీము పట్టడం, పుట్టినప్పుడు బొడ్డు సిరలో గొట్టం పెట్టడం కారణాలు. చాలామందిలో కారణం దొరకదు. దారి మూసుకున్న రక్తం అన్నవాహిక గోడల్లోని సన్నటి సిరల మీద పడి వాటిని ఉబ్బిస్తుంది. ప్లీహం పెరుగుతుంది, మన పల్లెల్లో "కడుపులో బల్ల" అనేది దాన్నే. కాలేయం బాగానే పనిచేస్తుంది, కామెర్లు ఉండవు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఆరేళ్ళ బాబును అర్ధరాత్రి 108లో తెచ్చారు. "బొచ్చెడు కక్కేసాడమ్మా" అంటోంది తల్లి, చీర కుచ్చిళ్ళ దాకా తడిసి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు బీపీ బాగానే ఉందన్నాడు. బీపీ చివర పడిపోతుంది నాన్నా, ముందు గుండె వేగం చూడు, పాదాలు పట్టుకో అన్నాను. గుండె పరుగులు తీస్తోంది, పాదాలు చల్లగా ఉన్నాయి. పిల్లల ఒంట్లో నెత్తురు కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన ఉంటుంది. పదిహేను కిలోల ఆ బాబుకు ఒంట్లో ఉన్న మొత్తం లీటరుంబావు కూడా లేదు. పెద్దవాళ్ళు తట్టుకునే గ్లాసుడు నెత్తురు వాడికి పెద్ద నష్టం. అప్పుడే తీసిన హిమోగ్లోబిన్ కూడా నమ్మదగింది కాదు, అది పడిపోయినట్టు చూపించడానికి గంటలు పడుతుంది. రెండు చేతులకూ సూదులు పెట్టాం, నెత్తురు తెప్పించాం, ఆక్ట్రియోటైడ్ మొదలుపెట్టాం. నెత్తురు ఎక్కించడంలోనూ జాగ్రత్త కావాలి. అవసరానికి మించి ఎక్కిస్తే ఉబ్బిన సిరల్లో ఒత్తిడి పెరిగి మళ్ళీ చిట్లుతాయి. ఊపిరితిత్తుల్లోకి నెత్తురు పోకుండా శ్వాసనాళంలో గొట్టం వేసి, నిలకడ వచ్చాక ఎండోస్కోపీ చేశాం. నీలిగా ఉబ్బిన సిరలు నాలుగు వరసల్లో, ఒకదాని మీద చిట్లిన గుర్తు. రబ్బరు బ్యాండ్లు వేసి బిగించాం.

తెల్లవారాక పొట్ట మీద చెయ్యి పెడితే ఎడమ డొక్క కింద ప్లీహం నాలుగు వేళ్ళ మేర తగిలింది. పాత కాగితాల్లో ఏడాది క్రితం నుంచే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి. పొట్ట స్కానింగు ఎక్కడా లేదు. "పుట్టినప్పుడు బొడ్డు చీము పట్టిందమ్మా, పసుపు అద్దేవోళ్ళం" అంది అమ్మమ్మ. మూడు రోజుల కిందట జ్వరమొస్తే మెఫెనమిక్ యాసిడ్ ఉన్న సిరప్ తాగించారు. అలాంటి నొప్పి మందులు పొట్ట గోడను రేపి, ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేసి, ఉబ్బిన సిరలున్న పిల్లల్లో నెత్తురు వాంతికి దారితీస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కూడా ఆ కోవలోవే. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

ఈ జబ్బున్న పిల్లలు బతుకుతారు, చదువుకుంటారు, పెద్దవాళ్ళవుతారు. మూడు నాలుగు వారాలకోసారి బ్యాండింగు చేస్తూ సిరలు కనపడకుండా పోయేదాకా ఆగకూడదు. తగిన పిల్లలకు శస్త్రచికిత్స ఉంది. మెడలోని సిర ముక్కను తీసి, మూసుకున్న చోటును దాటించి కాలేయంలోకి రక్తానికి కొత్త దారి వేసే పద్ధతిని 1990లలో బెల్జియం వైద్యులు చూపించారు. అది కుదరని వాళ్ళకు ప్లీహపు సిరను మూత్రపిండం సిరతో కలుపుతారు. ఆ బాబు క్రమం తప్పకుండా వస్తున్నాడు. ఈ ఏడు రెండో తరగతి.

పల్లెల్లో జ్వరం పిల్లలను మొదట చూసే ఆర్‌ఎంపీలకూ, నా సాటి వైద్యులకూ, మందుల షాపుల వాళ్ళకూ నా విన్నపం ఇది. పిల్లల జ్వరానికి పారాసెటమాల్ చాలు, కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. అంతకంటే గట్టి మందు రాయాలనిపిస్తే ముందు పిల్లాడి చొక్కా పైకెత్తి, ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ గట్టిగా తగిలితే ఆ మందు ఇవ్వకండి, పొట్ట స్కానింగుకు పంపండి.